ప్రైమరీ కేర్‌ పీఏ శిక్షణ: బ్రోషర్‌ పక్కన పెట్టి రొటేషన్ల జాబితా అడగండి

అమెరికాలో ఫిజీషియన్‌ అసిస్టెంట్‌ (పీఏ) అంటే డాక్టరుతో కలిసి పనిచేస్తూ రోగులను చూసి, మందులు రాసే లైసెన్సున్న వైద్య నిపుణుడు. ఈ కోర్సు నడిపే ప్రోగ్రాములు అక్కడ 300 దాటాయి. వాటిలో చాలావాటి వెబ్‌సైట్‌ తెరిస్తే "వైద్యం అందని ప్రాంతాలకు సేవ" అన్న మాట మొదటి పేజీలోనే ఎదురవుతుంది. చదువు పూర్తిచేసినవాళ్లలో ప్రైమరీ కేర్‌లో, అంటే రోగి మొదట వచ్చే సాధారణ వైద్యంలో, పనిచేస్తున్నది మాత్రం సుమారు నాలుగో వంతే. మిగతావాళ్లు సర్జరీకో, ఎమర్జెన్సీకో, ఆర్థోపెడిక్స్‌కో, చర్మవ్యాధుల క్లినిక్‌కో పోతున్నారు. ఆ మాటకూ ఈ లెక్కకూ మధ్య ఎక్కడ తేడా కొడుతోందో చూడటానికే ఈ సమీక్ష. ఏదో ఒక కాలేజీని మెచ్చుకోవడమో తిట్టడమో మా ఉద్దేశం కాదు. డబ్బు పెట్టి కొనుక్కునే సేవగా ఈ శిక్షణలో ఏ భాగం గట్టిగా ఉంది, ఏది డొల్ల అన్నదే ప్రశ్న.

తీర్పు ముందే చెప్పేస్తాం. క్లాసురూమ్‌ చదువు దాదాపు ఎక్కడైనా ఒకటే, బాగానే ఉంటుంది. పల్లె క్లినిక్‌లో నిలబడగలిగే పీఏ తయారవుతాడా లేదా అన్నది రెండో ఏడాది రొటేషన్లు (ఒక్కో వైద్య విభాగంలో కొన్ని వారాల ప్రత్యక్ష శిక్షణ) ఎక్కడ వేశారు, మొదటి ఉద్యోగంలో పక్కన ఎవరున్నారు అన్నదాన్నిబట్టి తేలుతుంది. ఈ రెండింటి గురించి బ్రోషర్లలో దొరికేది చాలా తక్కువ.

ఈ వృత్తి పుట్టిందే డాక్టర్ల కొరతలోంచి. 1965లో డ్యూక్‌ యూనివర్సిటీలో డాక్టర్‌ యూజీన్‌ స్టెడ్‌ నేవీలో వైద్య సహాయకులుగా చేసి వచ్చిన నలుగురితో మొదటి బ్యాచ్‌ పెట్టారు. 1967లో ముగ్గురు బయటికొచ్చారు. అందరూ చెప్పుకునే చరిత్ర ఇదే. మన విషయానికి ఇంకా పనికొచ్చేది సియాటిల్‌లో జరిగింది. యూనివర్సిటీ ఆఫ్‌ వాషింగ్టన్‌లో డాక్టర్‌ రిచర్డ్‌ స్మిత్‌ నడిపిన మెడెక్స్‌ ప్రోగ్రాం 1969లో మొదటి బ్యాచ్‌ను తీసుకుంది. అక్కడ ముందు వెతికింది పనితో నలిగిపోతున్న ఊరి డాక్టర్లను. మీ దగ్గర ఇలాంటి మనిషిని పెట్టుకుంటారా, నేర్పిస్తారా అని అడిగి, ఒప్పుకున్నవాళ్లతో విద్యార్థులను జతకట్టారు. యూనివర్సిటీలో మూడు నెలలు, ఆ డాక్టరు పక్కన పన్నెండు నెలలు. కోర్సు అయ్యేనాటికి క్లినిక్‌ తెలుసు, రోగులు తెలుసు, ఊరు తెలుసు. చాలామందిని నేర్పిన డాక్టరే ఉద్యోగంలోకి తీసుకున్నాడు.

ఇప్పటి కోర్సుల్లో ఆ వరస తిరగబడింది. ముందు సీటు, తర్వాత చదువు, ఆ తర్వాత దొరికినచోట రొటేషన్‌, చివర్లో ఉద్యోగం వేట. ఇది కాలేజీల బద్ధకం వల్ల జరిగిందనలేం. వృత్తి ఆసుపత్రుల్లోకి, స్పెషాలిటీల్లోకి పాకింది, అందరికీ సరిపోయే మాస్టర్స్‌ డిగ్రీగా మారింది. పల్లె కోసం ప్రత్యేకంగా కుట్టిన కోర్సు మాత్రం అరుదైపోయింది.

సరుకు వివరాలు: సాధారణంగా 27 నెలలు, కొన్నిచోట్ల 24, కొన్నిచోట్ల 36. మొదటి 12 నుంచి 15 నెలలు క్లాసులు: అనాటమీ, ఫార్మకాలజీ, క్లినికల్‌ మెడిసిన్‌, శరీర పరీక్ష, ల్యాబుల విశ్లేషణ. తర్వాత ఏడాది పాటు రొటేషన్లు, మొత్తం 2,000 గంటల దరిదాపుల్లో. గుర్తింపు ఇచ్చే సంస్థ ఏఆర్‌సీ-పీఏ. డిగ్రీ తర్వాత పాన్స్‌ అనే జాతీయ పరీక్ష, ఆ పైన రాష్ట్ర లైసెన్సు. ప్రైవేటు ప్రోగ్రాముల్లో ట్యూషన్‌ ఒక్కటే లక్ష డాలర్లు దాటడం మామూలైపోయింది.

ప్రవేశంతో మొదలుపెడదాం, ఎందుకంటే సగం ఫలితం అక్కడే నిర్ణయమైపోతుంది. పల్లెలో పెరిగినవాళ్లే పల్లెలో పనిచేయడానికి ఎక్కువగా మొగ్గుతారని ఆరోగ్య సిబ్బంది మీద జరిగిన పరిశోధనలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. అయినా చాలా ప్రోగ్రాములు మొదటి వడపోతను జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు) మీదే నడుపుతాయి. అలా వడకడితే రాత్రిళ్లు అంబులెన్స్‌లో ఈఎంటీగా (అత్యవసర వైద్య సహాయకుడిగా) పనిచేస్తూ డిగ్రీ చదివిన కుర్రాడు ఇంటర్వ్యూ దాకా రాడు. రోగులతో పనిచేసిన గంటలు కొందరు 500 అడుగుతారు, కొందరు 2,000. స్క్రైబ్‌ పనిని (డాక్టరు తరఫున రికార్డు రాయడం) కొన్నిచోట్ల రోగి సంరక్షణగా లెక్కేస్తారు, కొన్నిచోట్ల వెయ్యరు. పీఏ ప్రోగ్రాములకు ఉమ్మడిగా పంపే కాస్పా దరఖాస్తులో గంటలు నింపేముందు ఒక్కో ప్రోగ్రాం నిర్వచనం విడిగా చదవాలి. ఆ అనుభవం జీతం తీసుకుని చేసినదే కావాలనే ప్రోగ్రాములూ ఉన్నాయి.

ఇక్కడ మంచి మార్కులు ఎవరికంటే, అనుభవం ఉన్నవాళ్లను సొంత ప్రాంతం నుంచి కదపకుండా నేర్పే ప్రోగ్రాములకు. యూనివర్సిటీ ఆఫ్‌ నార్త్‌ డకోటా చాలాకాలం పనిలో ఉన్న నర్సులను చేర్చుకుని, క్లినికల్‌ శిక్షణ వాళ్ల ఊళ్ల దగ్గరే ఇచ్చింది. పిల్లలు, ఇల్లు, భర్త ఉద్యోగం ఒకచోట ఉన్న మనిషి చదువయ్యాక నగరానికి మకాం మార్చే ప్రసక్తి తక్కువ. ఇంత సాదా ఉపాయాన్ని ఎక్కువమంది ఎందుకు పాటించరంటే, అలా నేర్పాలంటే ఉపాధ్యాయులు రోడ్లమీద తిరగాలి, ఒక్కో ఊళ్లో ఒక్కో ప్రిసెప్టర్‌ను (క్లినిక్‌లో పక్కనుండి నేర్పేవాళ్లను) కాపాడుకోవాలి. ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే.

ప్రోగ్రాంను ఎంచేటప్పుడు చూడాల్సిన అంకెలు రెండు, రెండూ కాలేజీ వెబ్‌సైట్లోనే దొరకాలి. ఒకటి పాన్స్‌ మొదటి ప్రయత్నంలో పాసైనవాళ్ల శాతం, ఐదేళ్లది. రెండోది మధ్యలో ఆగిపోయినవాళ్ల పట్టిక. దీన్ని ప్రచురించాలని ఏఆర్‌సీ-పీఏ నిబంధనే ఉంది. మొదటిదాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారు, రెండోదాన్ని వెతుక్కోవాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. పాస్‌ శాతం 100 ఉండి, బ్యాచ్‌లో నాలుగైదుగురు వెనక్కి జరిగి తర్వాతి బ్యాచ్‌లో కలిసిన ప్రోగ్రాం ఉందంటే, పాసవరనిపించినవాళ్లను పరీక్షదాకా రానివ్వలేదని అర్థం కావచ్చు. దానికి సరైన కారణం కూడా ఉండొచ్చు, కాబట్టి ఇంటర్వ్యూలో నేరుగా అడగండి. గుర్తింపు స్థితి కూడా చూడాలి. కొత్త ప్రోగ్రాంకు ప్రొవిజనల్‌ అని ఉంటుంది, అది భయపడాల్సిందేం కాదు. ప్రొబేషన్‌ అని ఉంటే మాత్రం కారణం తెలుసుకోకుండా డిపాజిట్‌ కట్టకూడదు.

క్లాసుల ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వేగం భయంకరంగా ఉంటుంది, పాఠ్యాంశాలు గట్టిగా ఉంటాయి. ఒక్క లోటు: పేదల క్లినిక్‌లో మందు రాయడమంటే ధర రాయడం కూడా అన్న సంగతి ఫార్మకాలజీ క్లాసులో ఎక్కడా రాదు. హెల్త్‌ సెంటర్లలో 340బీ ధరలు (పేదలను చూసే క్లినిక్‌లకు మందులు తగ్గింపుకు ఇచ్చే పథకం) ఎలా పనిచేస్తాయి, ఇన్సూరెన్స్‌ లేని మధుమేహ రోగికి కొత్తరకం ఇన్సులిన్‌ దొరకనప్పుడు పాత ఎన్‌పీహెచ్‌ ఇన్సులిన్‌తో సురక్షితంగా ఎలా నెట్టుకురావాలి, స్లైడింగ్‌ ఫీజు ఎవరికి వర్తిస్తుంది లాంటివి మొదటి ఉద్యోగంలో మొదటి వారంలోనే కావాలి. స్లైడింగ్‌ ఫీజు నియమం రెండు వాక్యాల్లో చెప్పొచ్చు: ఫెడరల్‌ పేదరిక రేఖకు సమానంగానో తక్కువగానో ఆదాయం ఉన్నవాళ్లకు పూర్తి రాయితీ, ఆ పైన 200 శాతం వరకు మెట్లుమెట్లుగా పాక్షిక రాయితీ. నామమాత్రపు ఫీజు మాత్రం పూర్తి రాయితీ ఉన్నవాళ్ల దగ్గరా తీసుకోవచ్చు. దీనికి ఒక అరగంట క్లాసు చాలు. పెట్టరు.

క్లాసుల్లో ఇంకోటి అడగాలి. మాదకద్రవ్యాల వ్యసనానికి చికిత్స మీద 8 గంటల పాఠాలు ఉన్నాయా అని. ఆ చికిత్సలో వాడే బ్యూప్రెనార్ఫిన్‌ మందు రాయడానికి ఇదివరకు ఎక్స్‌-వేవర్‌ అనే ప్రత్యేక అనుమతి కావాల్సొచ్చేది. 2022 డిసెంబర్‌లో వచ్చిన చట్టంతో అది పోయింది. దాని బదులు 2023 జూన్‌ 27 నుంచి డీఈఏ (మత్తుమందులను నియంత్రించే ఫెడరల్‌ సంస్థ) రిజిస్ట్రేషన్‌ తీసుకునేవాళ్లు, రెన్యువల్‌ చేసుకునేవాళ్లు 8 గంటల శిక్షణ పొందామని ధ్రువీకరించాలి. కోర్సులోనే ఆ గంటలు ఉంటే ఐదేళ్లలోపు పట్టభద్రులకు అది సరిపోతుంది. ఓపియాయిడ్ల (నల్లమందు కోవ మందుల) వ్యసనంతో దెబ్బతిన్న పల్లెల్లో ఇది అదనపు అర్హతలోకి రాదు, రోజువారీ పనిలోకే వస్తుంది. రాష్ట్ర చట్టం పీఏకు బ్యూప్రెనార్ఫిన్‌ ఉండే షెడ్యూల్‌ 3 కోవ మందులు రాసే అధికారం ఇస్తుందో లేదో కూడా వెంటనే చూసుకోవాలి.

ఇక రొటేషన్లు. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి.

నిబంధన ప్రకారం విద్యార్థికి ఫ్యామిలీ మెడిసిన్‌, ఇంటర్నల్‌ మెడిసిన్‌, ఎమర్జెన్సీ, పిల్లల వైద్యం, సర్జరీ, గర్భిణుల సంరక్షణతో కలిపి స్త్రీల వైద్యం, మానసిక ఆరోగ్యం అన్నింట్లో అనుభవం ఇవ్వాలి. ఎక్కువచోట్ల ఒక్కోదానికి నాలుగు నుంచి ఆరు వారాలు. చూడ్డానికి చక్కటి పట్టిక. పేరు కింద ఏముందో చూస్తే రంగు మారుతుంది. "ఫ్యామిలీ మెడిసిన్‌" అని రాసి పంపినచోటు షాపింగ్‌ కాంప్లెక్స్‌లో అర్జెంట్‌ కేర్‌ అయితే, ఆరు వారాలపాటు గొంతునొప్పి, చెవిపోటు, మెలిపడిన చీలమండలే కనిపిస్తాయి. రక్తపోటు మందు మార్చి ఏమైందో చూడ్డానికి ఆ రోగి మళ్లీ రాడు.

ఆరు వారాల బ్లాకులో అసలు చిక్కు ఇదే. హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష దాదాపు మూడు నెలల సగటు చక్కెరను చెబుతుంది. సోమవారం ఒకరికి మెట్‌ఫార్మిన్‌ పెంచితే ఫలితం తెలిసేనాటికి విద్యార్థి ఇంకో ఊళ్లో, ఇంకో రొటేషన్‌లో ఉంటాడు. డిప్రెషన్‌కు మందు మొదలుపెడితే ప్రభావం కనబడటానికే నాలుగు నుంచి ఆరు వారాలు. అంటే ప్రైమరీ కేర్‌లో ప్రధానమైన నైపుణ్యం, మొదలుపెట్టిన చికిత్సను చూసి సరిదిద్దుకోవడం, బ్లాకు పద్ధతిలో నేర్పడం కుదరదు. మందు ఎలా మొదలుపెట్టాలో మాత్రమే నేర్పొచ్చు. అందుకే ఒకే హెల్త్‌ సెంటర్‌లో నాలుగు నుంచి ఆరు నెలలు ఉంచి, అక్కడే పిల్లలు, స్త్రీలు, మానసిక ఆరోగ్యం కలిపి నేర్పే లాంగిట్యూడినల్‌ పద్ధతికి మా ఓటు. అది కుదరకపోతే, కనీసం ఫ్యామిలీ మెడిసిన్‌ రొటేషన్‌ ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అదే క్లినిక్‌లో వేయించుకోవడం మధ్యేమార్గం.

లాంగిట్యూడినల్‌కూ లోపాలున్నాయి. ఒక ప్రిసెప్టర్‌ పాతకాలపు అలవాట్లు, ఉదాహరణకు ప్రతి దగ్గుకూ యాంటీబయాటిక్‌, ఆరు నెలలు చూస్తే అవే అంటుకుంటాయి. చిన్న క్లినిక్‌లో సర్జరీ, ఎమర్జెన్సీ అనుభవం పలచబడుతుంది. కాబట్టి ప్రోగ్రాం నుంచి ఎవరైనా నెలకోసారైనా వచ్చి చార్టులు చూస్తారా అని అడగాలి. "ఫోన్లో మాట్లాడతాం" అన్నది జవాబు కిందికి రాదు.

మరో సంగతి చాలామందికి తెలియదు. సైట్లు, ప్రిసెప్టర్లను విద్యార్థే వెతుక్కోవాలని ప్రోగ్రాం షరతు పెట్టకూడదు. ఇది ఏఆర్‌సీ-పీఏ నిబంధన. ఇష్టపడి పేరు సూచించవచ్చు, అది వేరు. అలాగే సిబ్బంది తక్కువగా ఉన్నారని విద్యార్థిని మెడికల్‌ అసిస్టెంట్‌ బదులు వాడుకోకూడదు. బీదగా నడిచే క్లినిక్‌లలో ఈ రెండో నియమం తరచుగా తప్పుతుంది. రోజంతా బీపీలు చూసి, టీకాలు వేసి ఇంటికెళ్లే విద్యార్థి "బాగా చేయించారు" అనుకుంటాడు. రోజుకు ఎంతమంది రోగులను మొదటినుంచి చివరిదాకా తనే చూసి ప్రిసెప్టర్‌కు వివరించాడు అన్నదే లెక్క. రొటేషన్‌ రెండో వారానికి పూటకు ముగ్గురు నలుగురు రావాలి, చివరికి ఆరుగురు.

చేతిపనులూ రాయించుకోండి. ఫ్యామిలీ మెడిసిన్‌ ముగిసేసరికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్‌ దారంతో మధుమేహ పాదాల పరీక్ష, చీముగడ్డ కోసి శుభ్రం చేయడం, కుట్లు, మోకాలి ఇంజెక్షన్‌, పాప్‌ పరీక్ష, స్పైరోమెట్రీ, పిల్లల పళ్లకు ఫ్లోరైడ్‌ వార్నిష్‌ చేతికి రావాలి. దంతవైద్యుడు దగ్గర్లో లేనిచోట ఈ ఆఖరిదానికి ఉన్న విలువ నగరంలో అర్థంకాదు. చేతిలో అమర్చే గర్భనిరోధక ఇంప్లాంట్‌కు తయారీ సంస్థ ఇచ్చే శిక్షణ తప్పనిసరి, కాబట్టి అది విద్యార్థిగా ఉన్నప్పుడే ఏర్పాటు చేస్తారా అని కనుక్కోవాలి. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ఫారం నింపించడం అందరికీ వస్తుంది. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు రోగి "అవును" అన్నప్పుడు గదిలోంచి బయటికి రాకుండా ఏం అడగాలి, ఇంట్లో తుపాకీ ఉందా అన్నది ఎలా అడగాలి, దగ్గరి మానసిక వైద్యుడు వంద మైళ్ల దూరంలో ఉంటే ఆ సాయంత్రానికి ఏ ఏర్పాటు చేయాలి, ఇవి ప్రిసెప్టర్‌ పక్కన కూర్చుంటేనే వస్తాయి.

దుబాసీతో పనిచేయడం కూడా అలాంటిదే. పన్నెండేళ్ల కూతురితో అనువాదం చేయిస్తే గర్భస్రావం సంగతో, కొట్టే భర్త సంగతో బయటికి రాదు. శిక్షణ పొందిన దుబాసీ ఫోన్లో ఉన్నా చాలు. రోగి ముఖం చూసి మాట్లాడాలి, ఒక్కసారికి ఒకట్రెండు వాక్యాలే చెప్పాలి, చివర్లో మందు ఎలా వేసుకుంటారో రోగి నోటితో చెప్పించుకోవాలి. దీనికి అపాయింట్‌మెంట్‌ సమయం దాదాపు రెట్టింపు పడుతుంది. ఆ సమయాన్ని షెడ్యూల్‌లో కేటాయించని క్లినిక్‌లో ఎవరూ సరిగ్గా నేర్చుకోలేరు.

ప్రిసెప్టర్లు ఎందుకు దొరకరంటే, డబ్బు కారణం. డాక్టర్ల రెసిడెన్సీకి (డిగ్రీ తర్వాతి ఆసుపత్రి శిక్షణకు) మెడికేర్‌, అంటే ప్రధానంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఆసుపత్రులకు చెల్లిస్తుంది. పీఏ విద్యార్థిని ఏడాదంతా నేర్పిన ఊరి క్లినిక్‌కు అటువైపు నుంచి పైసా రాదు. పైగా విద్యార్థి ఉన్నరోజు పని నెమ్మదిస్తుంది, పూటకు ఇద్దరు రోగులు తగ్గినా క్లినిక్‌కు నష్టమే. ఆ ఖాళీని పూడ్చేందుకు జార్జియా, మేరీల్యాండ్‌, కొలరాడో లాంటి కొన్ని రాష్ట్రాలు ప్రిసెప్టర్లకు పన్ను క్రెడిట్‌ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) ఇస్తున్నాయి. ఫెడరల్‌ వైపు నుంచి ప్రజారోగ్య సేవల చట్టం టైటిల్‌ 7 లోని 747వ సెక్షన్‌ కింద ప్రైమరీ కేర్‌ శిక్షణకు హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అనే ఆరోగ్య సంస్థ గ్రాంట్లున్నాయి, ఆ నిధుల్లో 15 శాతం పీఏ ప్రోగ్రాములకు కేటాయించాలని చట్టంలోనే ఉంది. గ్రాంటు కాలేజీకి వెళ్తుంది. క్లినిక్‌ దాకా ఎంత చేరుతుందన్నది కాలేజీ మనసునిబట్టి.

పైసా ఖర్చులేని ఊరట ఒకటుంది, చాలా క్లినిక్‌లు వాడుకోవడం లేదు. 2020 జనవరి నుంచి మెడికేర్‌ నిబంధన మారింది. పీఏ విద్యార్థి రాసిన నోట్‌ను ప్రిసెప్టర్‌ చదివి, సరిచూసి, సంతకం, తేదీ వేస్తే చాలు, మొత్తం తిరిగి రాయనక్కర్లేదు. పరీక్ష, నిర్ణయం మాత్రం బిల్లు వేసేవాళ్లు స్వయంగా చేసి తీరాలి. ఇప్పటికీ "విద్యార్థి నోట్‌ చెల్లదు" అని రాత్రి తొమ్మిదింటికి రెండోసారి టైపు చేసే ప్రిసెప్టర్లున్నారు. మంచి ప్రోగ్రాం క్లినిక్‌లోని బిల్లింగ్‌ మనిషితో ఈ ఒక్క విషయం మాట్లాడి, ఎలక్ట్రానిక్‌ రికార్డులో విద్యార్థికి లాగిన్‌ ఇప్పిస్తుంది. లాగిన్‌ మూడో వారానికిగాని రాని రొటేషన్‌లో సగం కాలం చూస్తూ నిలబడటమే.

పాన్స్‌ సంగతి రెండు మాటల్లో. 300 ప్రశ్నలు, గంట చొప్పున ఐదు విడతలు, స్కోరు 200 నుంచి 800, పాసవడానికి 350. ఫీజు 550 డాలర్లు. ఆరేళ్లలో ఆరు ప్రయత్నాలు. బాగా తయారుచేసిన పరీక్షే. కాకపోతే ఒకే సరైన జవాబు ఉండే ప్రశ్నల్లో, ఎమ్మారై తీయించుకునే స్తోమత లేని రోగి ఉండడు.

మొదటి ఉద్యోగానికి వద్దాం. క్లినిక్‌లు పీఏను ఎందుకు కోరుకుంటాయో తెలిస్తే బేరం బాగా ఆడొచ్చు. సాధారణ ప్రాక్టీసులో పీఏ పేరుమీద బిల్లు వేస్తే మెడికేర్‌ డాక్టరు ఫీజులో 85 శాతం ఇస్తుంది. రూరల్‌ హెల్త్‌ క్లినిక్‌లకు (మెడికేర్‌ ప్రత్యేక హోదా ఇచ్చిన పల్లె క్లినిక్‌లు), ఫెడరల్‌ గుర్తింపున్న హెల్త్‌ సెంటర్లకు చెల్లింపు విజిట్‌ లెక్కన వస్తుంది. చూసింది డాక్టరైనా పీఏ అయినా అదే మొత్తం. పైగా 1977 నాటి చట్టం ప్రకారం రూరల్‌ హెల్త్‌ క్లినిక్‌ తెరిచి ఉన్న సమయంలో కనీసం సగం పీఏనో, నర్స్‌ ప్రాక్టీషనరో, నర్స్‌ మిడ్‌వైఫో ఉండాలి. అంటే మీరు లేకపోతే ఆ క్లినిక్‌ హోదాకే ముప్పు. జీతం విషయంలో మొహమాటం అవసరం లేదు.

జీతంకంటే ముందు అడగాల్సింది తొలి నెలల షెడ్యూల్‌. కొత్త పీఏకు మొదటి నెల రోజుకు 6 నుంచి 8 మంది, మూడో నెలకు 12, ఆరో నెల దాటాక 16 నుంచి 18 అన్నది సబబైన పెంపు. నాలుగో వారానికే 20 మందిని పెట్టే క్లినిక్‌ ఏడాదిలోపు ఆ పీఏను పోగొట్టుకుంటుంది, పీఏ ఆత్మవిశ్వాసం పోగొట్టుకుంటాడు. సహకరించే డాక్టరు అదే భవనంలో వారానికి ఎన్ని పూటలు ఉంటారు? లేనప్పుడు ఫోన్‌ ఎవరు ఎత్తుతారు? ఈ జవాబులు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. నార్త్‌ డకోటా 2019లో, యూటా, వయోమింగ్‌ 2021లో పర్యవేక్షణ షరతులు బాగా సడలించాయి. అనుభవం ఉన్న పీఏకు అది వరం. కొత్తవాడికి మాత్రం చట్టం వదిలేసిన తోడును తనే అడిగి తెచ్చుకోవాల్సిన పరిస్థితి.

మొదటి ఏడాది దెబ్బతినేది ఎక్కువగా రెండుచోట్ల. ఒకటి ఇన్‌బాక్స్‌. ల్యాబు ఫలితాలు, రీఫిల్‌ విన్నపాలు, స్పెషలిస్టుల ఉత్తరాలు రోగుల సంఖ్యకంటే వేగంగా పెరుగుతాయి. రెఫరల్‌ పంపించాం అనుకుని వదిలేస్తే, రోగి వెళ్లనేలేదని ఆరు నెలలకు తెలుస్తుంది. అనుమానాస్పద మామోగ్రాం విషయంలో ఆ ఆలస్యం ప్రాణాంతకం. రోజుకు కనీసం నలభై నిమిషాలు ఇన్‌బాక్స్‌కే కేటాయించాలి, పెండింగ్‌ రెఫరల్స్‌ జాబితాను వారానికోసారి నర్సుతో కలిసి చూడాలి. రెండోది, వెళ్లిపోయిన డాక్టరు వదిలేసిన రోగులు. ఏళ్లతరబడి ఓపియాయిడ్లు, వాటితోపాటు బెంజోడయజెపైన్లు (ఆందోళన, నిద్ర మందులు) వాడుతున్నవాళ్లు కొత్త పీఏ షెడ్యూల్‌లోకే వచ్చిపడతారు, మిగతావాళ్ల షెడ్యూళ్లు నిండిపోయి ఉంటాయి కాబట్టి. భయంతో హఠాత్తుగా ఆపితే విత్‌డ్రావల్‌ (మందు మానడంవల్ల వచ్చే బాధలు), ఆత్మహత్య ప్రమాదం. ఓపియాయిడ్లు ఏడాది పైగా వాడినవాళ్లకు తగ్గించాల్సివస్తే నెలకు 10 శాతం, లేదా ఇంకా నెమ్మదిగా అని ఫెడరల్‌ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకం. చేరేముందే అలాంటి రోగులు ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఎంతమందిని పంచుతారు అని అడగండి. దీనికి జవాబు తడబడే క్లినిక్‌ మేనేజర్‌ను చూస్తే చాలా అర్థమవుతుంది.

పల్లె క్లినిక్‌లో పీఏకు ఎదురయ్యే ఒంటరితనానికి ఉన్న ఉపాయాల్లో ప్రాజెక్ట్‌ ఎకో బాగా పనిచేసేది. యూనివర్సిటీ ఆఫ్‌ న్యూ మెక్సికోలో డాక్టర్‌ సంజీవ్‌ అరోరా 2003లో హెపటైటిస్‌-సి కోసం మొదలుపెట్టారు. ఊరి క్లినిక్‌లో ఉన్నవాళ్లు వీడియోలో తమ కేసు చెబుతారు, స్పెషలిస్టులు, ఇతర క్లినిక్‌ల వాళ్లు కలిసి చర్చిస్తారు, రోగి ఊరు దాటి వెళ్లనక్కర్లేదు. విద్యార్థిగా ఉన్నప్పుడే ఒక కేసు చెప్పడం అలవాటైతే మొదటి ఉద్యోగంలో సిగ్గు ఉండదు.

అప్పుల సంగతి తేల్చుకోకుండా సీటు తీసుకోవద్దు. 2025లో వచ్చిన చట్టంతో 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే విద్యార్థులకు గ్రాడ్‌ ప్లస్‌ రుణం (కోర్సు ఖర్చు మొత్తానికీ దొరికే ఫెడరల్‌ అప్పు) లేదు. మిగిలిన ఫెడరల్‌ రుణంలో మామూలు గ్రాడ్యుయేట్‌ కోవకు ఏడాదికి 20,500 డాలర్ల పరిమితి, ప్రొఫెషనల్‌ కోవకు 50,000. మీ ప్రోగ్రాం ఏ కోవలోకి వస్తుందో ఫైనాన్షియల్‌ ఎయిడ్‌ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. తేడాను ప్రైవేటు అప్పుతో పూడిస్తే పల్లె జీతంతో తీర్చడం కష్టమవుతుంది, ఎందుకంటే ప్రభుత్వ సేవకు ఇచ్చే పీఎస్‌ఎల్‌ఎఫ్‌ మాఫీ, 120 వాయిదాల తర్వాత వచ్చేది, ఫెడరల్‌ రుణాలకే వర్తిస్తుంది.

అసలు ఆకర్షణ నేషనల్‌ హెల్త్‌ సర్వీస్‌ కోర్‌, కొరత ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు డబ్బు సాయం చేసే ఫెడరల్‌ కార్యక్రమం. చదువుకునేటప్పుడే ఇచ్చే స్కాలర్‌షిప్‌ ఒకటి, ఉద్యోగంలో చేరాక అప్పు తీర్చే పథకం ఇంకొకటి. రెండో పథకంలో రెండేళ్ల సేవకు డబ్బు ముందుగానే, ఒకేసారి ఇస్తారు, దానిమీద ఫెడరల్‌ ఆదాయపు పన్ను లేదు. షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అమెరికా పౌరసత్వం ఉండాలి, గ్రీన్‌కార్డు చాలదు. డాక్టర్ల కొరత ఉందని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో ఉన్నంతమాత్రాన సరిపోదు, ఆ క్లినిక్‌ విడిగా ఆమోదం పొందినదై ఉండాలి. కొరత స్కోరు 0 నుంచి 25 వరకు ఉంటుంది, ఎక్కువ స్కోరు ఉన్నచోటికే ముందు డబ్బు వెళ్తుంది. పూర్తికాల సేవ అంటే వారానికి 40 గంటలు, ఏడాదికి 35 పనిదినాలకు మించి సెలవు పెడితే గడువు పొడిగింపు. మధ్యలో మానేస్తే సేవ చేయని కాలానికి తీసుకున్న డబ్బు, దానిపైన మిగిలిన ప్రతినెలకూ 7,500 డాలర్లు, వడ్డీ. మొత్తం 31,000కు తగ్గదు. అందుకే కొత్తగా చేరినవాళ్లు క్లినిక్‌ నడక మూడు నాలుగు నెలలు చూశాకే ఈ ఒప్పందం మీద సంతకం పెట్టడం మేలు. దరఖాస్తు ఏడాదికోసారే తెరుచుకుంటుంది కాబట్టి, చేరే తేదీని దానికి తగ్గట్టు చూసుకోవాలి.

ఈ కొరత లెక్కలో ఒక విచిత్రం కూడా ఉంది. ప్రైమరీ కేర్‌ కొరతను 3,500 మందికి ఒక డాక్టరు అన్న నిష్పత్తితో కొలుస్తారు, అందులో పీఏలను లెక్కపెట్టరు. ముగ్గురు పీఏలు ఊరంతటినీ చూసుకుంటున్నా కాగితం మీద ఆ ఊరు కొరత ప్రాంతమే. వృత్తికి ఇది అవమానంలా అనిపించవచ్చు గాని, ఆ హోదా పోతే అప్పు తీర్చే పథకమూ పోతుంది.

ఆఫర్‌ లెటర్‌ చేతికొచ్చాక ఆఖరిగా మాల్‌ప్రాక్టీస్‌ బీమా (చికిత్సలో పొరపాటు జరిగిందన్న కేసులకు రక్షణ) పంక్తి చూడండి. ఫెడరల్‌ గ్రాంటుతో నడుస్తూ డీమ్డ్‌ హోదా (సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగుల్లా పరిగణించే గుర్తింపు) ఉన్న హెల్త్‌ సెంటర్‌లో ఉద్యోగులకు ఎఫ్‌టీసీఏ అనే ఫెడరల్‌ చట్టం రక్షణ వస్తుంది, విడిగా పాలసీ అక్కర్లేదు. అది ఆ సెంటర్‌ పనికే పరిమితం. శనివారాలు పక్క ఊరి అర్జెంట్‌ కేర్‌లో చేసే పని దాని కిందికి రాదు. రూరల్‌ హెల్త్‌ క్లినిక్‌కు ఈ రక్షణ దానంతటదే ఉండదు, మామూలు పాలసీ ఉంటుంది. అది క్లెయిమ్స్‌-మేడ్‌ రకమైతే (పాలసీ నడుస్తున్నప్పుడు వేసిన కేసులకే వర్తించేది), మానేసినప్పుడు టెయిల్‌ కవరేజ్‌ (ఆ తర్వాత పడే కేసులకు రక్షణ) ఎవరు కొనాలో ఒప్పందంలో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.